పేర్లు లేని దస్తావేజు

నా పేరు బసవపున్నయ్య. వృత్తి దస్తావేజులు రాయడం. ముప్పై నాలుగేళ్లు తాలూకా రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పందిరి కింద వాలుబల్ల ముందు కూర్చుని రాశాను. మా ఊరు కారంపూడికి నాలుగు మైళ్లు. చదువు ఊరి బడిలో ఐదో తరగతి వరకే సాగింది. ఆ పైన నాకు వచ్చినదంతా గురజాలలో ఒక ముసలి లేఖరి పక్కన చాపమీద కూర్చుని నేర్చుకున్నది.

నేను రాసిన దస్తావేజులు పదకొండు వేలకు పైమాటే. అమ్మకాలు, తనఖాలు, పంపకాలు, దానంగా ఇచ్చే దఖలు దస్తావేజులు, వీలునామాలు. రాతలో లోపం ఉందని వాటిలో ఒక్కటి కూడా కోర్టులో పడిపోలేదు. నరసరావుపేట వకీలు ఒకాయన పదిమందిలో, "బసవపున్నయ్య గారి రాత అయితే మాకు వాదించుకోడానికి ఏమీ మిగలదండీ" అన్నాడు. చుట్టూ పద్నాలుగు ఊళ్లలో ఏ చేనికి ఏ దిక్కున ఎవరి చేను ఉందో కాగితం చూడకుండా చెప్పగలను. గొలుసుకట్టు రాతలో ఉన్న తాతలనాటి పత్రాలు చదవాలంటే ప్లీడర్లు నా దగ్గరికే మనిషిని పంపేవారు. గొప్పగానే చెబుతున్నాను. ఐదో తరగతి చదివినవాడికి ఆ మాత్రం గొప్ప ఉండాలి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కష్టపెట్టినది ఒక బావి కాగితం. దాని సంగతి చెబుతాను.

1983లో రిపబ్లిక్ దినం నాడు మా ఊరి హైస్కూలు వాళ్లు నన్ను పిలిచారు. అక్కడ సోషలు చెప్పే ధనుంజయరావు మాస్టారు, రాజ్యాంగ పీఠికను ఈసారి ఊరి పెద్ద ఒకరి చేత చదివిద్దామని అనుకున్నాడు. నన్నే ఎందుకంటే నా గొంతు పెద్దది. చదువు రానివాళ్లకు దస్తావేజు అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించి, వాళ్లు సరేనన్న తరువాతే వేలిముద్ర వేయించాలి. మూడు దశాబ్దాలు ఆ పని చేసిన గొంతుకు మైకు అక్కర్లేదు.

జెండా ఎగరేశారు. పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. బడికి కొత్తగా కట్టే గదికి రాళ్లు కొడుతున్న ఆడవాళ్లు కూడా సుత్తులు పక్కన పెట్టి గోడ వారగా నిలబడి విన్నారు. నేను పుస్తకం అందుకుని, "భారత ప్రజలమగు మేము" అని మొదలుపెట్టి, ఎక్కడా తడబడకుండా, "మాకు మేము ఇచ్చుకొనుచున్నాము" దాకా చదివాను. అక్కడ ఆగిపోవాలి. ఆగలేదు. "ఇచ్చు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక తన దారిన తాను పోయింది. "ఇది మా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చిన దస్తావేజు. చదివి వినిపించగా విని సరియని ఒప్పుకున్నాము" అని కూడా చదివేశాను.

మేష్టర్లందరూ గొల్లుమన్నారు. ధనుంజయరావు నా చేతిలోంచి పుస్తకం తీసుకుంటూ, "ఆఖరి ముక్క ఇందులో లేదు బసవపున్నయ్య గారూ" అన్నాడు మెల్లగా.

నేను ఇల్లు చేరేసరికే కబురు ఇల్లు చేరింది. మా ఆవిడ వెంకటరమణమ్మ అన్నం వడ్డిస్తూ, "దేశాన్ని కూడా రిజిస్ట్రీ చేసొచ్చావంటగా! సాక్షి సంతకం ఎవరు పెట్టారయ్యా?" అంది.

"వడ్డించవే ముందు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే హజ్రా బీ వచ్చింది. నిన్న గోడ వారగా నిలబడి విన్నవాళ్లలో ఆమె ఒకతె. రాళ్లగుట్ట వీధిలో ఉంటుంది. నలభై ఏళ్లుంటాయి. భర్త పోయాక నాపరాళ్ల క్వారీలో పని చేసి ఇద్దరు ఆడపిల్లలను పెంచింది. ఆ వీధిలో ముప్పై ఎనిమిది గడపలున్నాయి. సగం సాయిబుల ఇళ్లు, తక్కినవి వడ్డెరలవి, మాదిగలవి, చేలు పోగొట్టుకున్న ఇద్దరు ముగ్గురు కాపులవి. అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్లే. వీధి చివర హైమావతమ్మ గారి మూడు సెంట్ల దొడ్లో ఒక్క బావిలో మాత్రం తీపి నీళ్లు పడ్డాయి. ఆమె సత్తెనపల్లిలో తమ్ముడి దగ్గర ఉండటానికి వెళ్లిపోతూ ఆ దొడ్డి అమ్ముతానంది. వీధి వాళ్లు అందరూ కలిసి కొనుక్కుంటామన్నారు, ఆమె ఒప్పుకుంది. ఉగాదిలోపు కాగితం కాకపోతే మాత్రం మిరపతోటకు నీళ్లు కావాలని అడుగుతున్న మరో ఆసామికి ఇచ్చేస్తానని చెప్పింది.

హజ్రా బీతోపాటు ఆమె మరిది మౌలాలీ వచ్చాడు. ట్రాక్టరు మెకానిక్కు, మంచివాడు.

"బాబాయ్, నిన్న బళ్లో చదివావే, అసుమంటి కాయితమే మా బావికి రాయి" అంది హజ్రా బీ, కూర్చోకుండానే.

"అది దస్తావేజు కాదు అమ్మాయ్. రాజ్యాంగానికి ముందుమాట."

"ఏదైతే నాకేంది? ఎవరి బలవంతం లేకుండా రాసిచ్చాం అన్నావుగా. రెండు చెవులా విన్నా."

మౌలాలీ తల గోక్కున్నాడు. "అదంతా వద్దులే వదినా. బాబాయ్, నా పేరున రాయి. కాయితం నా దగ్గరుంటది, నీళ్లు అందరికీ ఉంటాయి. మన మౌలాలీయేగా అనుకుంటారు."

నేను కూడా అదే చెప్పబోయాను. ఎవరి పేరున అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. దానికి ఒక్క పేరు జవాబుగా వస్తే ఆ కాగితం తేలిగ్గా నడుస్తుంది.

"గఫార్ మామ మంచోడు కాదా?" అంది హజ్రా బీ.

మౌలాలీ తువ్వాలు సర్దుకుని గడప మీద కూర్చున్నాడు.

అబ్దుల్ గఫార్ గారు ఆ వీధి పెద్ద. అప్పటికి ఇరవై రెండేళ్ల కింద గుట్ట అవతల వీధంతా కలిసి ఒక బావి తవ్వుకున్నప్పుడు స్థలం ఆయన పేరున రాయించుకున్నారు. అంతటి నమ్మకస్తుడు తాలూకాలో లేడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లు అందరివీ. ఆయన పోయాక కొడుకులకు అవసరాలు వచ్చాయి, అమ్ముకున్నారు. కొన్నవాడు ముళ్లకంచె వేశాడు. వీధి వాళ్లు కోర్టుకు వెళ్లారు. జడ్జిగారు దస్తావేజు చూసి, స్థలం గఫార్ గారిదేననీ, ఆయన వారసులు అమ్మిన అమ్మకం చెల్లుతుందనీ తీర్పు చెప్పారు. ఆ దస్తావేజు నేను రాసిందే. రాతలో లోపం లేదు. లోపం లేదు కనుకనే వీధికి నీళ్లు పోయాయి.

ఆ కేసును నేను చాలాకాలం నా గెలుపుల్లో కలిపి చెప్పుకునేవాణ్ని.

"పోనీ ముప్పై ఎనిమిది పేర్లూ రాస్తాను" అన్నాను.

"రాస్తే?"

"రాస్తే ముప్పై ఎనిమిది వాటాలు అవుతాయి. మనిషి పోతే అతని వాటా పిల్లలకు, వాళ్ల పిల్లలకు. ఇరవై ఏళ్లకు మూడు సెంట్లకు రెండొందల మంది హక్కుదార్లు. అందులో ఎవడో ఒకడు వాటా బయటివాడికి అమ్ముతాడు. కొత్తగా వచ్చినవాళ్లకు చుక్క ఉండదు."

"నిన్నటి దాంట్లో ఎన్ని పేర్లున్నయ్?"

"ఒక్కటీ లేదు."

"అది చెల్లుతోందా లేదా?"

"చెల్లుతోంది."

"మరింకేంది బాబాయ్!" అని, పని వేళయిందని వెళ్లిపోయింది. మౌలాలీ నన్ను జాలిగా చూసి ఆమె వెనకే నడిచాడు.

ఆ సాయంత్రం ధనుంజయరావు ఇంటికి వెళ్లి సోషలు పుస్తకం అడిగాను. ఆయన నవ్వలేదు. కుర్చీ వేసి, పుస్తకం తెరిచి ఇచ్చాడు.

"నేను దస్తావేజు పరీక్ష చేసినట్టే చేస్తాను మాస్టారూ. కోప్పడొద్దు."

"చేయండి. నేనూ వింటాను."

రాసి ఇచ్చినవారు ఎవరు? భారత ప్రజలమగు మేము. తండ్రి పేరు లేదు, వయసు లేదు, కాపురం ఫలానా ఊరని లేదు. పుచ్చుకున్నవారు ఎవరు? చివరి వరుసలో ఉంది, మాకు మేము. తేదీ ఉంది, నవంబరు ఇరవై ఆరు, నలభై తొమ్మిది.

"నా దగ్గరికి వస్తే తిప్పి పంపేవాణ్ని" అన్నాను. "ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరే అయితే దఖలు చెల్లదు. కుడి జేబులోది తీసి ఎడమ జేబులో పెట్టుకున్నట్టు."

"అంతకుముందు ఆ కుడి జేబు ఎవరిదండీ?" అన్నాడు ధనుంజయరావు. "అప్పటిదాకా మన మీద చట్టాలు ఎవరో చేసి పంపేవాళ్లు. ఇది మాత్రం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, మేమే ఇచ్చుకున్నాం అని చెప్పుకోడానికే ఆ మాట. ఎవరో ఇచ్చిందైతే వాళ్లే వెనక్కి తీసుకోవచ్చు."

అది బుర్రకెక్కింది. గఫార్ గారు నీళ్లు ఇచ్చారు, గఫార్ గారి కొడుకులు తీసుకున్నారు.

మళ్లీ చదివాను. "అంగీకరించి" అన్న మాట కంటబడింది. దఖలు దస్తావేజులో, పుచ్చుకునేవాడు ఒప్పుకున్నట్టు లేకపోతే అది వట్టి కాగితం. ఇక్కడ ఆ మాట ఉంది. రాసినవాడెవడో పనివాడే అనుకున్నాను. ఆస్తి వివరం కూడా ఉంది: న్యాయం, స్వాతంత్ర్యం, సమానత్వం, సౌభ్రాతృత్వం. స్వాధీనపరిచినట్టు మాత్రం ఎక్కడా లేదు.

"స్వాధీనం ఏదండీ? 'చేకూర్చుటకు' అని మాత్రమే ఉంది."

"దాని కోసమే కదండీ ఈ తిప్పలన్నీ" అన్నాడాయన.

ఇక నాకు మిగిలింది అసలు ప్రశ్న. "ఈ తేదీ నాటికి మా రెండో అమ్మాయి పుట్టలేదు. ఆమె ఇందులో పార్టీయా, కాదా?"

"పార్టీయే."

"వారసత్వంగానా?"

ధనుంజయరావు తల అడ్డంగా ఊపాడు. "వారసత్వం అయితే మీ వాటా ఇంతమందికి పంచితే ఆమెకు ఇంత అని లెక్క రావాలి. అట్లా లేదుగా. మీకు ఎంత ఉందో ఆమెకూ అంతే, మొత్తం. మీరు పోయేటప్పుడు ఏమీ పట్టుకుపోరు. ఆ 'మేము' అన్నదానికి అప్పుడున్న జనం అని అర్థం కాదు. ఎప్పుడు ఎవరుంటే వాళ్లు."

"సామ్యవాద, లౌకిక అని ఉంది. నా చిన్నప్పటి పుస్తకంలో చూసినట్టు లేదే?"

"మీ చిన్నప్పుడు రాజ్యాంగమే లేదు కదండీ" అని నవ్వాడు. "ఆ రెండూ డెబ్బై ఆరులో చేర్చారు. మార్చుకునే పద్ధతి కూడా లోపలే రాసి పెట్టుకున్నారు."

పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. పేర్లు వద్దు, వాటాలు వద్దు, వారసత్వం వద్దు. మార్చుకునే దారి మాత్రం ఉండాలి. అన్నేళ్లలో నేను అలాంటిది రాసి ఎరగను.

మర్నాడు ముసాయిదా రాసి సబ్ రిజిస్ట్రారు గారికి చూపించాను. కొనుగోలుదారు దగ్గర "రాళ్లగుట్ట వీధి ప్రజలమగు మేము" అని ఉంది. ఆయన కుర్రవాడు, నా మీద గౌరవం ఉన్నవాడు. రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"పెద్దవారు, మీకు నేను చెప్పాలా? 'మేము' అనే ఆసామి నా ముందు నిలబడి వేలిముద్ర వేయలేడు కదా."

"దేశానికి చెల్లిందిగా?"

"దేశానికి రిజిస్ట్రారు లేడండీ" అన్నాడు. నేను లేవబోతుంటే ఆయనే ఆపాడు. "సంఘం పెట్టించండి. సంఘం రిజిస్టరయితే అది చట్టం ముందు ఒక మనిషి లెక్క. చావదు, దానికి వారసులుండరు. సంఘం పేరున కొనండి. అందులో ఎవరు సభ్యులన్నది మీరు ఎట్లా రాసుకుంటే అట్లా."

సంఘాల కాగితాలు నేను రాయలేదన్న మాట ఆయనకు తెలియనివ్వలేదు. తల ఊపి వచ్చేశాను. పాత నియమావళి ఒకటి సంపాదించి మూడు రోజులు చదివాను.

నియమాలు వీధిలోనే కూర్చుని రాశాను. పొద్దువాలి పనుల నుంచి తిరిగొచ్చాక ఆడామగా వచ్చి కటికనేల మీద కూర్చున్నారు. సభ్యులెవరన్న నియమం దగ్గరే రెండు రోజులు పట్టింది. ఇంటికో మగవాడన్నారు కొందరు. హజ్రా బీ ఇంట్లో మగవాడు లేడు. పన్ను రసీదు ఉన్నవాళ్లన్నారు ఇంకొకరు. సగం గుడిసెలకు రసీదుల్లేవు. చివరికి నేను ఇలా రాశాను: "ఈ వీధిలో పొయ్యి వెలిగించుకొని కాపురముండు వయసు వచ్చిన ప్రతి స్త్రీయు, పురుషుడును, ఉన్నంత కాలము సభ్యులు. ఈ సభ్యత్వమునకు వాటా లేదు, అమ్మకము లేదు, వారసత్వము లేదు."

పుస్తకంలోని వరుస కూడా చదివి వినిపించాను: "అంతస్థులోను, అవకాశములలోను సమానత్వము."

"అంటే ఏంది బాబాయ్?" అన్నారు వడ్డెర ఆడవాళ్లు.

నేను విడమర్చి చెప్పేలోపే హజ్రా బీ అందుకుంది. "అంతస్థు అంటే ఎవుళ్ల చేద ఎవుళ్లకి తగిలినా మైల లేదని. అవకాశం అంటే వంతు. ముందొచ్చినోళ్లు ముందు. మునసబు పెళ్లామైనా సరే."

అంతకంటే మంచి అర్థం నాకు తోచలేదు. అలాగే రాశాను.

చివరి కాగితం మౌలాలీని ఇబ్బంది పెట్టింది. కొనుగోలుకు తలా ఇచ్చిన డబ్బు మీద తమకు సొంత హక్కు ఏమీ లేదనీ, ఇష్టపూర్వకంగా వీధికి వదిలేస్తున్నామనీ, వీధిగా పుచ్చుకుంటున్నామనీ అందరూ ఒప్పుకుంటూ రాసిన తీర్మానం అది. అందరికంటే ఎక్కువ ఇచ్చినవాడు అతనే.

"రేపు నేను ఊరు మారితే నాకేం మిగలదు. అంతేగా బాబాయ్?"

"అంతే."

"మళ్లీ వస్తే?"

"పొయ్యి వెలిగించిన రోజు నుంచి మళ్లీ అంతా నీదే."

"ఇచ్చేదీ నేనే, తీసుకునేదీ నేనే. మధ్యలో నన్ను మాత్రం లేకుండా చేశావు" అన్నాడు. తరువాత సంతకం పెట్టాడు. వంకరటింకరగా ఉన్నా సంతకమే, వేలిముద్ర కాదు.

సంఘం రిజిస్ట్రీ కోసం ఏడుగురం నరసరావుపేట బస్సు మూడుసార్లు ఎక్కాం. ఉగాదికి తొమ్మిది రోజుల ముందు హైమావతమ్మ గారు వచ్చి సంఘం పేరున దస్తావేజు రాసి ఇచ్చారు. అధ్యక్షురాలిగా వీధి ఎన్నుకున్న హజ్రా బీ వేలిముద్ర వేసింది. నేను చదివి వినిపించాను. ఈసారి చివరి ముక్క కాగితంలోనే ఉంది.

ఇక్కడితో ఆపితే నా గొప్ప నిలుస్తుంది. కానీ ఆ రాతకు అసలు పరీక్ష మూడేళ్ల తరువాత, ఎనభై ఆరు ఎండాకాలంలో వచ్చింది. ఆ ఏడు వానల్లేక బావి అడుగంటింది. ఇంటికి నాలుగు బిందెలని కట్టు పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు కృష్ణ అవతలి నుంచి రాళ్లు కొట్టుకునే కుటుంబం ఒకటి వచ్చి వీధి చివర తాటాకుల గుడిసె వేసుకుంది. ఆ ఇల్లాలు ఆదిలక్ష్మమ్మ తెల్లారేసరికి బిందె తీసుకుని వరుసలో నిలబడింది.

నాకు కబురొస్తే నియమావళి పట్టుకుని వెళ్లాను. బావి గట్టు మీద హజ్రా బీ నడుమున చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. వరుసలో ఎవరూ కదలడం లేదు.

"రాత్రొచ్చి పొద్దున్నే నీళ్లంటే ఎట్టా? మేం కడుపులు కట్టుకుని కొనుక్కున్న బావి ఇది" అంటోంది హజ్రా బీ.

"నేనేమన్న దొంగతనానికి వొచ్చిన్నా అక్కా? పిల్లలు రాత్రిసంది తాగలేదు" అంది ఆదిలక్ష్మమ్మ.

"బాబాయ్, నువ్వే చెప్పు. ఎన్నాళ్లు కాపురముంటే మెంబరు?"

నేను నియమం చదివాను. ఎన్నాళ్లన్న మాట అందులో లేదు. పొయ్యి వెలిగించుకొని కాపురముండు ప్రతివారూ, అని మాత్రమే ఉంది.

"పొయ్యి వెలిగించావా అమ్మా?" అని అడిగాను.

"రాత్రి జొన్నరొట్టె కాల్చిన" అంది ఆమె.

"అయితే మెంబరే" అన్నాను.

హజ్రా బీ నా మీదికి తిరిగింది. "అడుగున చూడు బాబాయ్, బురద కనపడతంది! మా పిల్లల నోళ్లు కొట్టి పెట్టమంటావా? ఏడాది ఉండాలని రాయి. మార్చుకోవచ్చని నువ్వే రాశావుగా."

"మార్చుకోవచ్చు. మీటింగు పెట్టు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే మార్చేస్తాను."

"ఈ సాయంత్రమే పెడతా."

"పెట్టు. నోటీసు అందరికీ ఇవ్వాలి, ఈమెకు కూడా. మీటింగులో కూర్చుంటుంది, మాట్లాడుతుంది, చెయ్యి ఎత్తుతుంది. ఇప్పటికి ఈమె కూడా 'మేము'లో మనిషే."

హజ్రా బీ నన్ను చూసింది, కాగితాన్ని చూసింది. చదవడం రాకపోయినా దాన్ని నా చేతిలోంచి లాక్కుని అటూ ఇటూ తిప్పింది. వరుసలో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నీ చేతులు పడిపోను! ఇంత గట్టిగా రాయమని ఎవరన్నారు బాబాయ్ నిన్ను?" అంది.

"నువ్వే అన్నావు."

ఆమె కాగితం నాకు ఇచ్చేసి, గట్టు దిగి, ఆదిలక్ష్మమ్మ ముందు నిలబడింది.

"ఇంటికి నాలుగు బిందెలు. ఐదోది అడిగావంటే ఊరుకోను. పక్కకు ఒంపావంటే అసలు ఊరుకోను. చేద బరువు, తాడు జారుద్ది, కాలు ఆనించి లాగు" అని, చేద ఆమె చేతికిచ్చింది.